కోపంగా ఉన్న పిన్ను

బ్రిటన్‌లో నర్సుగా చేరిన రెండో నెలలో ఒక పెద్దాయన క్లినిక్‌కు ఫోను చేసి, "మూడో నంబరు పిన్ను కాస్త కోపంగా ఉంది" అన్నాడు. పిన్నుకు కోపమేమిటో నాకు అంతుపట్టలేదు. కోపం ఆయనకే వచ్చిందనుకుని, "మన్నించండి, మా వల్ల ఏం పొరపాటు జరిగింది?" అని అడిగాను. పక్క బల్ల దగ్గరున్న సీనియర్ నర్సు నవ్వాపుకుంటూ ఫోను అందుకుంది. ఎర్రబడి, వేడెక్కి, తాకితే నొప్పెట్టే చర్మాన్ని ఇక్కడ 'యాంగ్రీ' అంటారట. పుండు నుంచి నీరు కారుతుంటే 'ఏడుస్తోంది' అంటారట. ఇంగ్లిషు పరీక్షలో మంచి మార్కులతో గట్టెక్కి విమానం ఎక్కినదాన్ని. ఆ పరీక్షలో ఏడ్చే పుండ్లు రాలేదు.

మా క్లినిక్‌కు వచ్చేవాళ్లలో చాలామంది కాళ్లకు ఉంగరాల చట్రాలు ఉంటాయి. విరిగి అతుక్కోని ఎముకలు, వంకరగా అతుక్కున్నవి, పొడవు పెంచాల్సినవి. సైబీరియాలోని కుర్గాన్‌లో గవ్రీల్ ఇలిజారోవ్ రూపొందించిన పద్ధతి ఇది. కాలి చుట్టూ లోహపు ఉంగరాలు, వాటి నుంచి ఎముకలోంచి దూసుకుపోయే సన్నని తీగలు. ఈ తీగలనే మేం పిన్నులు అంటాం. పెద్దవాళ్లకు వాడే తీగ మందం సాధారణంగా 1.8 మిల్లీమీటర్లు. పొడవు పెంచేటప్పుడు రోగి మరను తానే తిప్పుకుంటాడు, రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు మిల్లీమీటరు. అలా నెలల తరబడి. తీగ ఒకవైపు లోపలికి వెళ్లి రెండోవైపు బయటికి వస్తుంది కాబట్టి పది తీగలుంటే చర్మానికి ఇరవై గుమ్మాలు. వాటిలో ఏ ఒక్కటీ మూసుకోదు. అన్నిటికీ కాపలా కాయడమే నా ఉద్యోగం.

గుమ్మం ఎందుకు మూసుకోదో తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. మామూలు గాయం అయితే రెండు అంచుల చర్మం పాకి వచ్చి కలుసుకుంటుంది. ఇక్కడ పాకివచ్చే చర్మానికి లోహం అడ్డొస్తుంది. అంటుకోవడానికి పట్టు దొరక్క, తీగ వెంబడే లోపలికి దిగుతుంది. అలా ఏర్పడిన సన్నని సందులోకి క్రిములు చేరతాయి. చాలాసార్లు ఆ క్రిమి బయటి నుంచి వచ్చినది కాదు, రోగి చర్మం మీద, ముక్కులో హాయిగా కాపురముంటున్న స్టెఫైలోకాకస్ ఆరియస్. లోహం మీద అది జిగురు పొర కట్టుకుని కూర్చుందంటే మందులకు ఓ పట్టాన లొంగదు. చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చినా గట్టిగా మూసుకుపోయే ఏర్పాటు మన ఒంట్లోనే ఉంది: పన్ను. చిగురు పంటిని కణాల స్థాయిలో పట్టుకుని ఉంటుంది. జింక కొమ్ము కూడా అలాంటిదే. దాని నిర్మాణం చూసే లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కృత్రిమ కాలు తగిలించడానికి, తెగిన కాలి ఎముకలోంచి నేరుగా బయటికొచ్చే ఇంప్లాంటు ఒకటి తయారుచేశారు.

నేను వచ్చేటప్పుడు చేతుల్లో ఒక అలవాటు తెచ్చుకున్నాను. రోజూ ప్రతి పిన్ను దగ్గరా పక్కు ఊడదీసి, దూదితో రుద్ది, తళతళలాడేలా చేయాలి. శుభ్రం అంటే నాకు అదే. మొదటి వారంలో అలా మొదలుపెట్టబోతే సీనియర్ నర్సు నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఇక్కడి నర్సులు, సర్జన్లు కూర్చుని కుదుర్చుకున్న పద్ధతి వేరు: మరీ తడిసిపోతే తప్ప వారానికి ఒక్కసారే, ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశినితో. అది పడనివాళ్లకు సెలైన్. దూది అసలు వద్దు, పోగులు తీగకు చుట్టుకుంటాయి, గాజుగుడ్డే వాడాలి. చెప్పొద్దూ, మొదట్లో నాకది బద్ధకంలా కనిపించింది. రోజూ చేయనివాళ్లకు సిగ్గు లేదా అన్నట్టు వాదించాను కూడా. నిజానికి ఏ పద్ధతి మేలో తేల్చేంత గట్టి ఆధారాలు లేవని అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన 2013 నాటి కాక్రేన్ సమీక్ష కూడా చెప్పింది. కానీ పక్కు ఊడదీసిన ప్రతిసారీ నేను కొత్త గాయం చేస్తున్నానని ఒప్పుకోవడానికి సమీక్షలు అక్కర్లేదు, ఆ రోగి ముఖం చూస్తే చాలు.

శుభ్రత కన్నా నాకు ఆలస్యంగా తలకెక్కినది కదలిక సంగతి. తీగ కదలదు, దాని చుట్టూ చర్మం కదులుతుంది. మోకాలి కింద ముందువైపు చర్మం ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక అక్కడి పిన్నులు బుద్ధిమంతులు. తొడ దగ్గర కండ, కొవ్వు ఎక్కువ, అడుగు వేసినప్పుడల్లా చర్మం తీగకు రాసుకుంటుంది. మా దగ్గర గొడవంతా తొడ పిన్నులతోనే. అందుకే తీగ చుట్టూ చీలిక కోసిన స్పాంజి ముక్క పెట్టి, దాని మీద చిన్న ప్లాస్టిక్ క్లిప్పు జారుస్తాం. చర్మం మీద వేలితో మెల్లగా అదిమినంత ఒత్తిడి ఉండాలి. ఎక్కువైతే చర్మం నలుగుతుంది, తక్కువైతే పెట్టినా పెట్టనట్టే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1990లో తొడ ఎముకలోకి టైటానియం ఇంప్లాంటు దించినప్పటి నుంచి వచ్చిన పద్ధతిలోనూ కిటుకు ఇదే. లోహం బయటికొచ్చే చోట చర్మం కింది కొవ్వు తీసేసి, చర్మాన్ని పలచగా ఎముకకే అతికేలా చేస్తారు. కదలనిదే మేలు.

ఇవన్నీ చేతికి నేర్పగలిగినవి. చెవికి నేర్పడమే కష్టమైంది. ఇక్కడి పెద్దవయసు రోగులకు ఫిర్యాదు చేయడం మర్యాద కాదు. "ఎలా ఉంది?" అంటే "ఫరవాలేదు" అంటారు. ఒకావిడ వరుసగా రెండు వారాలు ఫోనులో నాతో "ఫరవాలేదు" అంది. నేనూ అదే రాసుకున్నాను. మూడో వారం క్లినిక్‌కు వచ్చింది. స్పాంజి తీస్తే ముందు వాసన వచ్చింది, తర్వాత చీము. తీగ వేలితో కదిపితే కదిలింది. వదులైన తీగను మందులతో కాపాడుకోవాలని చూడటం వృథా, ఆ మధ్యాహ్నమే తీసేశారు. నేను క్షమాపణ చెబితే ఆవిడ నన్నే ఓదార్చింది. "మీరు పనిలో ఉన్నారు కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని" అంది.

అప్పటి నుంచి "ఎలా ఉంది?" అని అడగడం మానేశాను. రాత్రి నిద్ర పట్టిందా? నిన్నటికన్నా అడుగు వేయడం కష్టంగా ఉందా? స్పాంజి మీద మరక ఏ రంగులో ఉంది, ఎండుగడ్డి రంగా, పాల రంగా? దుప్పటి తగిలితే ఉలిక్కిపడుతున్నారా? పలచటి నీరు మొదట్లో మామూలే, అది చిక్కబడి రంగు మారితేనే నాకు ఫోను. నొప్పి ఎంత అని అంకె అడిగితే అందరూ మూడు అంటారు. నిద్ర గురించి అడిగితే మాత్రం అబద్ధం చెప్పరు, ఎందుకో మరి.

కోపం పిన్ను పెద్దాయన ఇప్పటికీ శుక్రవారాలు ఫోను చేస్తాడు. మొన్న, "ఏడో నంబరు" అని ఆగిపోయాడు. కోపంగా ఉందా అన్నాను. కాదట. ఏడుస్తోందా? అదీ కాదట. ఏం చెప్పాలో తెలియక తటపటాయిస్తున్నాడు. మా భాషలో అలక అని ఒకటుందని, అది కోపానికి ముందుమెట్టని చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుని, "అవును, అదే" అన్నాడు. కాసేపట్లో రమ్మని, కాగితం మీద ఏడో నంబరు చుట్టూ సున్న చుట్టి, స్పాంజి ముక్కలు కోయడం మొదలుపెట్టాను.