నొప్పి తగ్గింది కదా అని బస్తా ఎత్తకండి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కోతలయ్యాక బస్తాలు మోసే కలాసీలకి ఊపిరి సలపదు. నడుములు పట్టేసేది కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే. ఆ తర్వాత కథ చాలామందికి ఒకేలా నడుస్తుంది. నాలుగు రోజులు మంచం, ఒక ఇంజెక్షన్, పది రోజులు ఫిజియోథెరపీలో నడుముకి కరెంటు పెట్టించుకోవడం, నొప్పి తగ్గడం, మర్నాడే 50 కిలోల బస్తా. కొన్నాళ్లకే మళ్లీ మంచం. ఈసారి నొప్పి పిక్కదాకా దిగుతుంది.

నొప్పి తగ్గేసరికి కండ బలం తిరిగి రాదు. పడుకున్న రోజుల్లో నడుం చుట్టూ, పిరుదుల్లో కండ నీరసిస్తుంది. దెబ్బ తిన్న కణజాలం అతుక్కోవడానికి వారాలు, గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఫిజియోథెరపీలో అసలు పని నొప్పి తగ్గాకే మొదలవుతుంది. మనవాళ్లు సరిగ్గా అక్కడే మానేస్తారు.

ముందు ఒక హెచ్చరిక. మలమూత్రాల మీద పట్టు తప్పినా, మూత్రం రాకుండా బిగిసిపోయినా, తొడల లోపలి వైపు, ఆసనం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా, లారీ మీంచి పడ్డాక నొప్పి మొదలైనా, జ్వరంతో కూడిన నడుంనొప్పి అయినా వ్యాయామాల జోలికి పోకూడదు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్తారో, శ్రీకాకుళమో విశాఖో వెళ్తారో మీకు ఏది దగ్గరైతే అది. ఇవేవీ లేని మామూలు పట్టేసిన నడుముకి మొదటి రోజే ఎంఆర్‌ఐ అక్కర్లేదు. నొప్పే లేనివాళ్ల స్కానుల్లోనూ డిస్క్ ఉబ్బు కనిపిస్తూ ఉంటుంది. ఆ కాగితం చూసి బెదిరిపోయి కదలడం మానేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

మొదటి వారం పూర్తి విశ్రాంతి రెండు రోజులు దాటకూడదు. రోజుకి మూడు నాలుగు సార్లు, 5 నుంచి 10 నిమిషాలు చదునైన నేల మీద నడవాలి. వేడి కాపడం 15 నిమిషాలు. పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలి. లేచేటప్పుడు ముందు పక్కకి దొర్లి, కాళ్లు మంచం కిందికి వదిలి, చేతులు ఆనించి లేవాలి. సాగిపోయిన నులక మంచం వద్దు. అలాగని కటిక నేలే మందు అనుకోనక్కర్లేదు, నేల మీంచి లేవడమే చాలామందికి ప్రాణం మీదికి వస్తుంది. చెక్క మంచం మీద పలచని పరుపు చాలు. నాటు వైద్యుడి చేత నడుం విరిపించుకోవడం, తొక్కించుకోవడం మాత్రం చేయకండి.

కరెంటు సంగతి. ఐఎఫ్‌టీ అనే ఆ యంత్రం పెట్టిన 15, 20 నిమిషాలూ, ఆ తర్వాత కాసేపూ నొప్పిని మరిపిస్తుంది. ఆ ఉపశమనంలో వ్యాయామం చేయిస్తేనే దానికి ప్రయోజనం. పది సిట్టింగులు అయినా ఒక్క వ్యాయామమూ నేర్పలేదంటే డబ్బులు కరెంటుకే పోతున్నాయని అర్థం, చోటు మార్చండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇటువైపు వ్యాయామాల కాగితం తరచు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదవలేకపోతే మొహమాటపడకుండా, మీరు చేస్తుండగా ఫోన్లో వీడియో తీయమనండి. వంకర ఎక్కడుందో ఇంటికెళ్లాక అందులోనే దొరుకుతుంది.

మొదట నేర్చుకోవాల్సినవి మూడు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ వల్ల ఇవి బాగా ప్రచారంలోకి వచ్చాయి. ఒకటి, వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, చేతులు నడుం కింద పెట్టుకుని, తలా భుజాలూ కొద్దిగా మాత్రమే లేపడం. రెండు, పక్కకి పడుకుని మోచేతి మీద, మోకాళ్ల మీద బరువు వేసి తుంటిని పైకెత్తడం. మూడు, చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, కుడి చెయ్యీ ఎడమ కాలూ ఒకేసారి చాపడం, తర్వాత రెండో వైపు. ప్రతిదీ 10 సెకన్లు నిలపాలి. ముందు ఆరుసార్లు, కాసేపు ఆగి నాలుగుసార్లు, మళ్లీ ఆగి రెండుసార్లు. ఊపిరి బిగపట్టకూడదు. మూడోదాంట్లో నడుం కిందికి జారిపోవడం అందరూ చేసే తప్పు. నడుం మీద ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పెట్టుకుని చేస్తే అది పడినప్పుడల్లా తెలిసిపోతుంది. నిలబడి వంగి కాలి వేళ్లు పట్టుకోవడం, గుంజీలు, వెల్లకిలా పడుకుని పూర్తిగా లేచి కూర్చోవడం ఇప్పుడు వద్దు. లేచిన మొదటి గంటలో వంగే పనులు కూడా వద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని బిగువుగా ఉంటాయి, అప్పుడు వంగితే ఒత్తిడి ఎక్కువ పడుతుంది.

తర్వాత వంగడం కొత్తగా నేర్చుకోవాలి. ఒక కర్ర వీపు వెనక నిలువుగా పట్టుకోండి. తల వెనక, రెక్కల మధ్య, ముడ్డిపూస దగ్గర, మూడు చోట్లా తగలాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, తుంటిని వెనక్కి నెడుతూ వంగాలి. మూడింట్లో ఏ ఒక్క చోట కర్ర వదిలినా నడుం వంగిందన్నమాట. ఇది కుదిరేదాకా బరువు ముట్టుకోకండి.

కుదిరాక సంచిలో ధాన్యం పోసి కాటా వేయండి, 5 కిలోలు. బల్ల ఎత్తు నుంచి ఎత్తి దించడం పదేసి సార్లు, మూడు విడతలు. రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున నొప్పి ముందు రోజుకన్నా పెరగకపోతే ఎత్తు తగ్గించండి. ముందు మోకాలి ఎత్తు, తర్వాత నేల. నేల నుంచి నిబ్బరంగా వచ్చాకే 10 కిలోలు, మళ్లీ బల్ల దగ్గర్నుంచి మొదలు. అలా 15, 20. ఎత్తూ బరువూ ఒకేసారి మార్చకండి, ఏది దెబ్బకొట్టిందో తెలియదు. చేస్తున్నప్పుడు పదికి మూడు వంతుల నొప్పి ఉన్నా ఫర్వాలేదు, 24 గంటల్లో సర్దుకోవాలి. 20 కిలోలు ఎత్తగలిగాక దాన్ని భుజాన వేసుకుని 20 మీటర్ల నడక చేర్చండి.

పనిచోట భద్రత మీద పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో, బరువు ఒంటికి దగ్గరగా, నడుం తిప్పకుండా, మంచి పట్టుతో, అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోలే హద్దు. మన బస్తా 50. కాబట్టి ఒంటరిగా నేల మీంచి బస్తా ఎత్తడం అనేది తిరిగి సాధించాల్సిన లక్ష్యమే కాదు. ఇద్దరు పట్టి భుజానికెత్తడం మిల్లుల్లో ఎలాగూ ఉన్నదే, దాన్ని తప్పనిసరి చేసుకోండి.

నడుం పోయేది ఎత్తేటప్పుడే కాదు, పడేసేటప్పుడు కూడా. పాదాలు కదలకుండా ఒళ్లు తిప్పి బస్తాని నిట్టు (బస్తాల దొంతర) మీదికి విసురుతారు. పాదాలు తిరిగాకే ఒళ్లు తిరగాలి. తడిసిన బస్తా బరువూ ఎక్కువ, జారుతుంది కూడా. లారీలో చాలాసేపు కూర్చుని వచ్చి దిగీదిగగానే లోడు దింపడం మరీ ప్రమాదం, ఐదు నిమిషాలు నడిచి మొదలుపెట్టండి. నడుం బెల్టు రక్షిస్తుందన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదు, బాగున్నవాళ్లు దెబ్బ తగలకుండా దాన్ని వాడమని సిఫార్సు చేయబోమని నియోష్ 1994లోనే చెప్పింది.

అన్నిటికన్నా మొండి అడ్డంకి ముఠా కూలీ. బస్తాల లెక్కన వచ్చిన డబ్బు అందరూ పంచుకుంటారు. సగం పనిచేసేవాడు మిగతావాళ్లకి బరువు, అందుకే మొహం చెల్లక అతను తొందరపడతాడు. ఇది వైద్యుడు తీర్చే చిక్కు కాదు. ముఠా మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి. మొదటి రెండు వారాలు సంచి మూతి కుట్టడం, కాటా చీటీ రాయడం, టార్పాలిన్ సర్దడం, అదీ సగం పూట. కాటా దగ్గర రోజంతా కూర్చోవడం కూడా నడుముకి మంచిది కాదు, అరగంటకోసారి లేవాలి. ఫిట్‌నెస్ చీటీలో ‘లైట్ డ్యూటీ’ అని రాస్తే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. ‘రెండు వారాలు 10 కిలోలకు మించి ఎత్తరాదు, నేల మీంచి ఎత్తరాదు’ అని అంకెలతో రాయించుకోండి.

కాగితాల్లో ఇంకొకటి. దెబ్బ తగిలిన రోజే యజమానికి చెప్పి, ఓపీ చీటీలో పనిలో తగిలిన దెబ్బ అని, తేదీతో రాయించాలి. ఇఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లకి పనిలో గాయం వల్ల పోయిన రోజులకి వేతనంలో సుమారు 90 శాతం భృతి వస్తుంది, మామూలు జబ్బు సెలవుకైతే 70. మిల్లు ఒడిశా పర్లాకిమిడిలో, ఇల్లు ఆంధ్రా పాతపట్నంలో ఉన్నవాళ్లు రెండు రాష్ట్రాల చీటీలూ ఒకే ఫైలులో దాచుకోవాలి.

నడుం కాక వేరే దెబ్బలు తగిలినవాళ్లకి రెండు మాటలు. వేళ్ల స్నాయువు (కండని ఎముకకి కలిపే తాడులాంటిది) తెగి కుట్లు వేయించుకున్నవాళ్లు మొదటి 6 వారాలు ఏదీ గట్టిగా పట్టుకోకూడదు, పెద్ద బరువులు సుమారు 12 వారాల తర్వాతే. చీలమండ బెణికినవాళ్లు ఆ కాలి మీద 30 సెకన్లు నిలబడగలిగి, మునివేళ్ల మీద 20 సార్లు లేవగలిగేదాకా లారీ పలక మీద బరువుతో ఎక్కకూడదు.

పనికి వెళ్లాక రెండో వారంలో నడుం మళ్లీ పట్టినట్టుంటే మంచం ఎక్కకండి. ఒక మెట్టు దిగి, అంటే 20 మోస్తుంటే 15కి వచ్చి, మూడు రోజులు చూడండి. నొప్పి నడుంలోనే ఉంటే చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. మోకాలు దాటి కిందికి దిగుతున్నా, తిమ్మిరి పెరుగుతున్నా పని ఆపి చూపించుకోండి.