ప్రాజెక్టు సగంలో పిల్లలు డీలా పడేది ఎందుకు? కరోల్ కుల్తావ్ పట్టుకున్న కిటుకు

ప్రాజెక్టు అనగానే పిల్లలకు బెరుకు. టాపిక్ ఖాయమయ్యాక హుషారు. నాలుగు పుస్తకాలు తిరగేసేసరికి మళ్లీ డీలా. చదివేకొద్దీ స్పష్టత పెరగాలి కదా, మరి ఉన్నది కూడా పోతుందేం?

అమెరికాలోని న్యూజెర్సీలో, ఈస్ట్ బ్రన్స్‌విక్ హైస్కూల్ లైబ్రేరియన్‌గా పనిచేసిన కరోల్ కుల్తావ్ ఈ ప్రశ్ననే పట్టుకుని రట్గర్స్ యూనివర్సిటీలో 1983లో డాక్టరేట్ పూర్తిచేశారు. స్కూలు చివరి ఏడాది చదువుతున్న 26 మందిని ఎంచుకుని, వాళ్లు పరిశోధన వ్యాసాలు రాస్తున్నన్నాళ్లూ గమనించారు. ఏం వెతికారో చిట్టా రాయించారు, ఏం అనిపించిందో డైరీలో పెట్టించారు, ఆరుగురితో విడిగా మాట్లాడారు. వాళ్లంతా చదువులో ముందుండేవాళ్లు కాబట్టి, ఇది అందరికీ వర్తిస్తుందా అన్న అనుమానం సహజం. అందుకే తర్వాత మామూలు విద్యార్థులనూ, వెనకబడినవాళ్లనూ, ఆపైన 21 లైబ్రరీల్లో 385 మందినీ పరిశీలించారు. తీరు అదే.

ఆ తీరును ఆరు దశలుగా చెప్పారు: పని అందుకోవడం, టాపిక్ ఎంచుకోవడం, చుట్టూ చదవడం, కోణం తేల్చుకోవడం, సమాచారం పోగేయడం, అప్పగించడం. వీటిలో అసలు చిక్కంతా మూడో దశలోనే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ‘చేనేత’ తీసుకుందనుకోండి. ఒక పుస్తకంలో పోచంపల్లి ఇక్కత్ గొప్పతనం, ఇంకోదాంట్లో మరమగ్గాల పోటీ, మరోచోట సహకార సంఘాల గొడవ. ఒకదానికొకటి పొసగవు. ఇక్కడే పిల్లలు ‘నాకు చేతకాదు’ అనుకుని, ఇంటర్నెట్‌లో దొరికింది ప్రింటు తీసి అంటించేస్తారు. ఈ తికమక తెలివి తక్కువై వచ్చేది కాదు, కొత్త సంగతులు పాతవాటితో ఇంకా అతుక్కోనప్పుడు ఎవరికైనా వచ్చేదే అన్నది కుల్తావ్ తేల్చిన విషయం. ముందే ఆ మాట చెబితే పిల్లల్లో సగం భయం పోతుంది.

నాలుగో దశలో టాపిక్ ఒక కోణంగా మారాలి. ‘భౌగోళిక గుర్తింపు ఉన్నా పోచంపల్లి నకిలీలు ఎందుకు అమ్ముడవుతున్నాయి?’ అనేది కోణం. ‘చేనేత’ అన్నది ఇంకా టాపిక్కే. కోణం కుదిరాక ఏ పుస్తకం పనికొస్తుందో, ఏది పక్కన పెట్టాలో పిల్లలకే తెలుస్తుంది. కుదరకుండానే నోట్సు మొదలుపెడితే, చదివిందంతా ఎక్కించుకుపోతారు.

అందుకే చుట్టూ చదివేటప్పుడు వివరంగా నోట్సు రాయించకూడదు. పైపైన చదవనిచ్చి, ఆసక్తి కలిగిన సంగతి, అడగాలనిపించిన ప్రశ్న మాత్రం రాసుకోమనాలి. వారానికి ఒకసారైనా చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. రాసినది అచ్చంగా ఎత్తిరాసిందో కాదో మాట్లాడేటప్పుడు ఇట్టే దొరికిపోతుంది. పేజీ నంబర్లతో పక్కా నోట్సు ఐదో దశ పని.

మామూలుగా జరిగేదేమిటంటే, టాపిక్ చీటీ ఇచ్చేస్తారు, చివరి తేదీ చెప్పేస్తారు. లైబ్రేరియన్ దగ్గరికి పిల్లలు ఐదో దశలో, ‘సార్, దీని మీద పుస్తకం ఉందా?’ అంటూ వస్తారు. సాయం కావలసిన చోటు అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఎవరికి ఎప్పుడు చెయ్యందించాలో కుల్తావ్ ప్రత్యేకంగా రాశారు. ఏం కావాలో తెలిసినవాడికి పుస్తకం చూపిస్తే చాలు. కోణం కుదరనివాడితో మాత్రం కూర్చుని మాట్లాడాల్సిందే.

తర్వాత ఆమె రట్గర్స్‌లోనే ప్రొఫెసర్‌గా కొత్త లైబ్రేరియన్లను తయారుచేశారు. 2007లో కూతుళ్లు లెస్లీ మానియోటిస్, ఆన్ కాస్పారీలతో కలిసి ఈ పద్ధతిని తరగతి గదికి సరిపడేలా పుస్తకంగా తెచ్చారు. అందులో టీచరు, లైబ్రేరియన్ కలిసి ప్రాజెక్టు నడుపుతారు. తర్వాతి పుస్తకంలో పిల్లల ప్రశ్న తేలేది నాలుగో మెట్టు మీద. టాపిక్ ఇచ్చిన రోజే ‘నీ ప్రశ్న ఏమిటి?’ అని నిలదీసే టీచర్లు ఈ వరస ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే ఏమీ చదవనివాడికి అడగడానికి ప్రశ్న ఎక్కడిది?