పరీక్ష హాల్లో షుగర్ పడిపోతే

నాకు టైప్ 1 షుగర్ ఉంది. కాలేజీలో చేరేసరికే ఇన్సులిన్ వేసుకోవడం, లెక్క చూసుకుని తినడం అన్నీ అలవాటైపోయాయి గానీ, సార్ దగ్గరికి వెళ్లి "నాకు ఇలా ఉంది, పరీక్షలో ఈ వెసులుబాటు కావాలి" అని అడగడానికి మాత్రం నోరు వచ్చేది కాదు.

ఫస్టియర్‌లో ఒక పరీక్ష. మూడో ప్రశ్న దగ్గర చెయ్యి వణకడం మొదలైంది. చెమట చుక్క పేపరు మీద పడి ఇంకు అలుక్కుపోయింది. ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను, అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ తలకెక్కడం లేదు. గ్లూకోజ్ బిళ్ళలు బ్యాగులో ఉన్నాయి, బ్యాగేమో హాలు బయట ఉంది. లేచి అడిగితే కాపీ కోసం అనుకుంటారేమో, అందరూ తిరిగి చూస్తారేమో అని అలాగే కూర్చున్నాను. చివరికి ఇన్విజిలేటర్ మేడమే నా ముఖం చూసి కంగారుపడి బయటికి తీసుకెళ్ళారు. తర్వాత డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటే "ముందే ఎందుకు చెప్పలేదు, ఇప్పుడు మేమేం చేస్తాం" అన్నారు. ఆ మాటలో సగం నిజమని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మిగతా సగం ఇప్పటికీ ఒప్పుకోను, ఎందుకంటే ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో మాకు ఎవరూ చెప్పలేదు.

షుగర్ 70 కంటే కిందికి దిగితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజో, చక్కెరో తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి. అంకె పెరిగినంత మాత్రాన తల వెంటనే తేటపడదు, దానికి ఇంకొంతసేపు కావాలి. నేను అడిగేది అలా పోయిన టైమ్‌ని వెనక్కి ఇమ్మనే. పైగా ఇప్పుడు చాలామందికి ఒంటికి అతికించుకునే షుగర్ సెన్సర్ రీడింగ్ ఫోన్‌లోనే కనిపిస్తుంది, పరీక్ష హాల్లోకి రానివ్వనిది ఆ ఫోనే.

సెకండియర్‌లో సెమిస్టర్ మొదటి వారమే సార్‌కి మెయిల్ రాయడానికి కూర్చున్నాను. మొదట రాసింది పేజీన్నర అయింది, జబ్బు ఎప్పుడు బయటపడింది, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరాను, ఇంట్లోవాళ్లు ఎంత ఏడ్చారు, అన్నీ. చదువుకుంటే నాకే జాలి వేసింది, కానీ అందులో నాకేం కావాలో ఎక్కడా లేదు. అంతా తీసేసి ఇలా రాశాను: "సార్, నాకు టైప్ 1 షుగర్ ఉంది, డాక్టర్ లెటర్ జతచేశాను. పరీక్షలో గ్లూకోజ్ బిళ్ళలు, మీటర్ బల్ల మీద ఉంచుకోవాలి. షుగర్ పడిపోతే ఆ నిమిషాలు చివర్లో కలిపి ఇవ్వగలరా? మాట్లాడటానికి ఎప్పుడు రమ్మంటారు?"

సార్ నన్ను పిలిచి ఒక్కటే అడిగారు, "మామూలుగా ఎంతసేపు పడుతుంది?" అని. నాకు గొంతు పట్టేసింది.

డిప్రెషనో, మూర్ఛో ఉన్నవాళ్లకు ఇది నాకంటే కష్టం, జబ్బు పేరు చెప్పగానే ఎదుటివాళ్ల చూపు మారిపోతుంది. అలాంటప్పుడు పేరు చెప్పకుండా, ఏ వెసులుబాటు అవసరమో మాత్రమే డాక్టర్ చేత రాయించుకుని ఇవ్వచ్చేమో ముందు కనుక్కోండి. లెక్చరర్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. "నీకిస్తే అందరూ అడుగుతారు" అనకండి, దయచేసి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, మోయలేనంత భారం కాని సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షే అంటుంది. నిజంగా అవసరమున్న పిల్లలు అడగడానికే రోజుల తరబడి టెన్షన్ పడతారు, మీ గది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఎందరో ఉంటారు.

ఆ సెమిస్టర్ పరీక్షలో మళ్లీ షుగర్ పడిపోయింది. చెయ్యెత్తాను. ఇన్విజిలేటర్ వచ్చి, గడియారం చూసి, నా పేపరు మూలన టైమ్ రాసుకుని వెళ్లారు. బిళ్ళలు నములుతూ కూర్చున్నాను, ఎవరూ తిరిగి చూడలేదు.