బంటు నాదే, గేమ్ మాత్రం డ్రా

ఎనిమిది నెలలుగా నడుస్తున్న కరస్పాండెన్స్ చెస్ గేమ్ (దూరం నుంచే, ఎత్తుకి రోజుల తరబడి ఆలోచించి ఆడేది) మొన్న రాత్రి డ్రా అయింది. పదకొండో ఎత్తుకే నాకొక బంటు ఎక్కువ, ముప్ఫై ఎనిమిదో ఎత్తు దగ్గర డ్రాకి ఒప్పుకున్నప్పుడూ ఆ బంటు ఎక్కువగానే ఉంది, దాంతో ఏం చేయాలో చివరిదాకా తోచలేదు.

తెల్లపావులు నావి. రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్‌లో ఎనిమిదో ఎత్తుకి సీ3 (సీ వరుసలో మూడో గడికి బంటు) ఆడాను, అవతల పోలండ్ పెద్దాయన అరగంటలో డీ5 పెట్టేశాడు. మార్షల్ ఎటాక్, అంటే నల్లవాళ్ళు ఒక బంటుని ఇచ్చేసి తెల్లరాజు మీద దాడికి దిగడం! పది ఎత్తులకి 50 రోజుల టైమున్న ఆటలో అరగంట అంటే మనిషి సిద్ధంగా కూర్చున్నట్టే. అమెరికన్ ఆటగాడు ఫ్రాంక్ మార్షల్ 1918లో న్యూయార్క్‌లో, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన కాపాబ్లాంకా మీద దీన్ని ఆడి ఓడిపోయాడు, అయినా పేరు మాత్రం ఆయనదే నిలిచింది. ఈ గొడవ వద్దనుకునేవాళ్ళు ఎనిమిదో ఎత్తుకి ఏ4 ఆడి తప్పించుకుంటారు. నాకేమో వచ్చే బంటుని వదులుకోబుద్ధి కాలేదు.

ఈ5లో బంటుని ఇచ్చేసి నల్లమంత్రి హెచ్4కి వస్తుంది, మనం జీ3 ఆడితే హెచ్3లోకి దూరి రాజు పక్కనే కూర్చుంటుంది. దాన్ని తరమడానికి ఏనుగుని ఈ4లో పెట్టాను, తర్వాత హెచ్4కి తీసుకెళ్దామని. ఆయన జీ5 ఆడాడు. ఊరికే ఇచ్చిన బంటులా కనిపిస్తుంది కానీ బిషప్‌తో కొట్టామో, మంత్రి ఎఫ్5కి వచ్చి ఏనుగునీ బిషప్‌నీ ఒకేసారి పట్టుకుంటుంది. థియరీలో (ముందే విశ్లేషించి పెట్టిన ఎత్తుల్లో) ఉన్నదే, నాకూ తెలిసిందే, అయినా బోర్డు మీద చూస్తుంటే చెయ్యి లాగుతూనే ఉంది.

తర్వాత డీ5 గుర్రాన్ని నా బిషప్‌తో కొట్టాను, మంత్రులు మారిపోయాయి, ఆయనకి రెండు బిషప్‌లు మిగిలాయి. అక్కడితో అయిపోయింది. నా బంటు ఎటు కదలబోయినా వాటిలో ఒకటి అడ్డం. ఈ ఆటలు నడిపే అంతర్జాతీయ సంస్థ ఐసీసీఎఫ్‌లో ఇంజిన్లు (చెస్ ప్రోగ్రాములు) వాడుకోవచ్చు కాబట్టి (పై స్థాయిలో దాదాపు అన్నీ డ్రాలే అవడానికి అదే కారణం) రాత్రంతా స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌ని నడిపి పొద్దున్నే చూసేవాణ్ణి, 0.00, అంటే ఇద్దరూ సమానం. మర్నాడూ 0.00. కరెంటు బిల్లు మాత్రం పెరిగింది.

ఆయన డ్రా ఆఫర్‌ని రెండు రోజులు పట్టుకుని కూర్చుని, మా ఆవిడ "ఇంకా అదే ఆటా?" అన్నాక ఒప్పేసుకున్నాను.

వచ్చే గేమ్‌లో నల్లపావులు నాకొచ్చాయి. ఈసారి డీ5 నేనే ఆడతాను, అవతలివాడు ఏ4 ఆడకపోతే.