సిగ్నల్ మాస్టారి ఆర్గాన్ బాగుచేయడం: నా అనుభవం

కాజీపేటలో ఆయన్ని అందరూ సిగ్నల్ మాస్టారనే పిలిచేవారు. రైల్వే సిగ్నల్, టెలికాం విభాగంలో చేరి రిటైరయ్యేదాకా రిలే రూముల్లోనే పనిచేశారు. ఆదివారాలు చర్చిలో పైసా తీసుకోకుండా ఆర్గాన్ వాయించేవారు. ఆయన పోయాక నలభయ్యో రోజు కూడికలో ఆ ఆర్గానే మోగాలని ఇంట్లోవాళ్లు పట్టుబట్టారు. బాగుచేసే పని నాకొచ్చింది.

అది కాళ్లతో తొక్కేది. 61 మెట్లు, మెట్టుకు రెండు చొప్పున 122 రీడ్లు (గాలికి అదిరి పలికే ఇత్తడి నాలుక బిగించిన ముక్కలు). మన నాటకాల హార్మోనియం రీడ్ల గుండా గాలిని నెడుతుంది, ఇది పీలుస్తుంది. గదిలో దుమ్మంతా రీడ్ల మీదికే లాక్కుంటుంది.

ముందు తిత్తులు చూడాలి. స్టాప్‌లన్నీ (రీడ్ల వరసలను తెరిచి మూసే గుబ్బలు) మూసి, మెట్లు ముట్టుకోకుండా, పెద్ద తిత్తి పూర్తిగా ముడుచుకునేదాకా తొక్కి వదలాలి. అర నిమిషమైనా నిలవకపోతే గాలి కారుతున్నట్టే. ఇది వదిలీ వదలకముందే తెరుచుకుంది. మడతల దగ్గర రబ్బరు బట్ట బిరుసెక్కి చిట్లింది. పాత బట్టను పారేయకుండా కాగితం మీద పరిచి అచ్చు గీసుకోవాలి. అంటించడానికి వడ్రంగుల సరేసే మంచిది: చన్నీళ్లలో నానబెట్టి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి, మరిగితే పట్టు పోతుంది. తడిగుడ్డా వేడి ఇస్త్రీపెట్టే చాలు, రేపు ఊడదీయడానికి. ఒకచోట ఎవరో తెల్ల జిగురు పూశారు. అది చెక్క పేళ్లతో సహా ఊడింది.

రీడ్లను కొక్కెంతో లాగి వరస తప్పకుండా పెట్టుకోవాలి. ఇక్కడ మాస్టారే నా పని తగ్గించారు. వైర్లకు ట్యాగులు కట్టే చేయి కదా, ప్రతి గూటి పక్కనా పెన్సిల్‌తో నంబరు వేసి ఉంచారు. మెత్తటి బ్రష్, నాలుక కింద పలచటి కాగితం, అంతే. నూనె చుక్క కూడా వద్దు. నాలుకకున్న వంపు సరిచేయబోతే స్వరం గొంతే మారిపోతుంది.

శ్రుతి శుభ్రం చేశాకే చూడాలి, ఎందుకంటే కొనమీద దుమ్ముంటే స్వరం దిగుతుంది. కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, నాలుక మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గీకిన ఇత్తడి తిరిగి రాదు. చేతి వేడి చల్లారేదాకా ఆగి మళ్లీ కొలవాలి. మొత్తాన్ని ఇప్పటి ప్రామాణిక శ్రుతి అయిన 440 హెర్ట్జ్‌కి లాగాలన్న తాపత్రయం అనవసరం. మెజారిటీ ఎక్కడుంటే అక్కడికి మిగతావాటిని తేవడమే నయం.

ఒక మెట్టు ముట్టుకోకుండానే మోగుతోంది. తోలు మూత కింద చిన్న పొట్టు ఇరుక్కుంది, తీయగానే ఆగిపోయింది.

ఆర్గాన్ పైమూత లోపల మాస్టారి నోటుబుక్కు దొరికింది. రైల్వేలో సిగ్నల్ సామాను విప్పే ముందు స్టేషన్ మాస్టారికి టి/351 డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి, పరీక్షించాక రీకనెక్షన్ రాయాలి. ఆర్గాన్‌కూ ఆయన అదే పద్ధతి పాటించారు: తేదీ, విప్పింది, దోషం, పరీక్ష, రీకనెక్షన్. స్టేషన్ మాస్టారి చోట ఆయన సంతకమే! చర్చిలో పాట ఆగితే మాత్రం ఏం ప్రమాదం జరుగుతుందని అడిగేవాళ్లు ఈ పుస్తకం చూడాలి.

ఒక్క ఎంట్రీ సగంలో ఉంది: మంద్రంలో ఒక రీడు, నాలుక మొదలు దగ్గర పగులు. రీడు కవరులో ఉంది, దాని గూటికి అట్టముక్క బిగించారు. అట్ట లేకపోతే ఆ మెట్టు నొక్కగానే గాలంతా అటే పోతుంది. అలా పగిలిన నాలుకకు అతుకు వేస్తే బరువు మారుతుంది, వేడికి ఇత్తడి మెత్తబడుతుంది. అదే కొలత రీడు పాత ఆర్గాన్ నుంచే రావాలి. అందాకా అట్టను అలాగే ఉంచాను. ఆ మెట్టు మీద రెండో వరస పలుకుతుంది కాబట్టి వాయించేవాళ్లు ఆ స్టాప్ తెరిచి ఉంచుకుంటే సరిపోతుంది.