మూల దగ్గర ఆగని స్ట్రెస్

ఈ వారం తిరుపతిలో మా జూనియర్లతో కూర్చుని ఎల్ ఆకారపు బ్రాకెట్‌కి కంప్యూటర్‌లో స్ట్రెస్ (బరువు పడితే లోపల పుట్టే ఒత్తిడి) ఎనాలిసిస్ చేశాం. అంటే భాగాన్ని ఎలిమెంట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్క కట్టడం, ఆ ముక్కల అల్లికే మెష్. లోపలి మూల దగ్గర మెష్ సన్నం చేసిన ప్రతిసారీ స్ట్రెస్ పెరుగుతూనే పోయింది. పిల్లలకి ఒకటే టెన్షన్! నిజానికి పదునైన మూలలో లెక్క ప్రకారం స్ట్రెస్‌కి హద్దే ఉండదు. మెష్ ఎంత చిన్నదైతే అంత పెద్ద అంకె వస్తుంది. అసలు భాగానికి ఉండే ఫిల్లెట్ (మూలని గుండ్రం చేసే వంపు) రేడియస్‌ని మోడల్‌లో పెట్టాక, మెష్ ఇంకా సన్నం చేసినా విలువ నిలబడింది. అప్పుడు వాళ్ల మొహాలు చూడాలి!

ఇంకొకటి, 4 నోడ్ల (లెక్క కట్టే బిందువుల) టెట్రా ఎలిమెంట్లు, అంటే నాలుగు ముఖాల ముక్కలు, భాగం వంగేటప్పుడు మరీ బిగుసుకుపోతాయి, వంగుబాటు తక్కువ చూపిస్తాయి. 10 నోడ్లవి వాడండి. బరువు మోసే భాగానికి ఒక్క మెష్‌తో వచ్చిన రంగుల బొమ్మ చూసి సరే అనేయడం నాకు అస్సలు నచ్చదు. కనీసం మూడు మెష్ సైజుల్లో నడిపి చూడమంటాను.