లియో ఫాదర్ లెక్కలు

మన టెన్త్ బ్యాచ్ రీయూనియన్ సావనీరు కమిటీ వాళ్లు ‘స్కూలు రోజుల గురించి రెండు పేజీలు’ అని గ్రూపులో పెట్టి, మర్నాటి నుంచే రిమైండర్లు మొదలెట్టారు. నిజం చెప్పాలంటే నాకు ఏడు, ఎనిమిది తరగతులు గుర్తే లేవు. తొమ్మిదిలో గుర్తున్నదల్లా మామిడిచెట్టు కేసు. ఈ సంచిక మనం ట్రాన్స్‌ఫార్మర్ అని పిలిచేవాడి భార్య కూడా చదువుతుంది కాబట్టి అది రాయను. హిందీ మేడమ్ గొడుగు, పీటీ సార్ విజిలు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను టెన్త్‌లో మనకి మోరల్ సైన్స్ చెప్పిన లియో ఫాదర్ గురించి మాత్రం రాస్తాను.

ఆ పేరు పెట్టింది ఎవరన్నది ఇప్పటికీ తగవే. మనం గోంగూర అని పిలిచేవాడు తనే పెట్టానంటాడు. కానీ 1991 జూన్‌లో మనం టెన్త్‌లోకి రాగానే, మొదటి శుక్రవారం ఆఖరి పీరియడ్‌కే ఆ పేరు స్థిరపడిపోయింది. ఎందుకంటే ఆయన నోరు తెరిస్తే లియోనే. పదమూడో లియో పోప్‌గారు 1891లో కార్మికుల గురించి ‘రేరుం నొవారుం’ అనే లేఖ రాశారని, దానికి సరిగ్గా వందేళ్లు నిండాయని, ఆ సందర్భంగా రెండో జాన్ పాల్ పోప్‌గారు మే 1న ఇంకో లేఖ వెలువరించారని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయారు. మనం బస్ పాస్‌ల గురించి మాట్లాడుకుంటున్నాం.

అంతకుముందు మోరల్ సైన్స్ అంటే ‘పెద్దలను గౌరవించవలెను’ కదా. కథోలిక పిల్లలు పక్క గదిలో సత్యోపదేశానికి, అంటే వాళ్ల మత పాఠానికి వెళ్లేవాళ్లు, మిగిలినవాళ్లం వెనక బెంచీల మీద నిద్రపోయేవాళ్లం. ఫాదర్ వచ్చి రెండు గుంపుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. “కూలి గురించి వినడానికి జ్ఞానస్నానం అక్కర్లేదురా” అన్నారు. మన నిద్ర అలా పోయింది.

ఆయన చెప్పిన లియో ఎవరి పక్షాన ఉన్నాడో మొదట్లో అర్థమయ్యేది కాదు. సొంత ఆస్తి ఉండటం మనిషి హక్కు అని ఆయన అన్నాడనగానే మన ఫస్ట్ ర్యాంకు తెగ సంబరపడ్డాడు. మరుసటి వారం, కార్మికులు సంఘం పెట్టుకోవడం కూడా హక్కేనని, పొదుపుగా బతికే పనివాడి పోషణకి చాలనంత తక్కువ జీతం ఇవ్వడం అన్యాయమని కూడా ఆయనే అన్నాడనేసరికి వాడి మొహం మాడింది. అప్పుడే ఫాదర్ 1918లో మన మద్రాసు పెరంబూర్‌లోని బీ అండ్ సీ (బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్) బట్టల మిల్లు కార్మికులతో మొదలైన మద్రాస్ లేబర్ యూనియన్ గురించి చెప్పి, “దేశంలో పద్ధతిగా నడిచిన మొదటి కార్మిక సంఘం మీ పేటలోనే పుట్టిందిరా, మీకు తెలీదు” అని తిట్టారు. మా తాతయ్య అందులో సభ్యుడని నేను చెప్పాను. నన్ను లేచి నిలబడమని క్లాసు చేత చప్పట్లు కొట్టించారు. ఆ స్కూల్లో నాకు పడిన చప్పట్లు అవే.

ఇక ఆ బోర్డు సంగతి. ఒక శుక్రవారం, “ఇంట్లో నలుగురుంటే నెలకి ఏమేం కావాలో, ఎంతవుతుందో అమ్మని అడిగి రాసుకురండి” అన్నారు. తర్వాతి వారం బోర్డు మీద పద్దులు పడ్డాయి. బియ్యం, కిరోసిన్, ఇంటద్దె, బస్సు, నోటు పుస్తకాలు, మందులు. గోంగూర ‘సినిమా’ అన్నాడు. అందరం నవ్వాం. ఫాదర్ నవ్వకుండా అదీ రాశారు. “మనిషి బియ్యంతోనే బతుకుతాడా?” అన్నారు. మొత్తం కూడాక, పక్కన ఒక అంకె వేశారు. మన బడి ఊడ్చే ఆయమ్మకి నెలకి ఇచ్చే సంబళం. అది ఈ పక్క మొత్తంలో సగం కూడా లేదు.

క్లాసులో చడీచప్పుడూ లేదు. ఫస్ట్ ర్యాంకు లేచి, “ఆమె ఒప్పుకునే చేరింది కదా ఫాదర్, ఎవరూ బలవంతం చేయలేదుగా?” అని అడిగాడు. మంచి ప్రశ్నే. మనలో చాలామందికి అదే అనిపించింది.

“పిల్లలకి అన్నం పెట్టాలంటే నువ్వు ఎంతిస్తే అంతకి ఒప్పుకుంటుందిరా. గతిలేక ఒప్పుకున్నదాన్ని లియో ఏమన్నాడో తెలుసా? బలవంతం అన్నాడు. అన్యాయం అన్నాడు.” అని, “బోర్డు తుడవకండి” అని లీడర్‌కి చెప్పి వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున్న బడి యాజమాన్యం చూసే కరస్పాండెంట్ ఫాదర్ రౌండ్స్‌కి వచ్చేసరికి బోర్డు అలాగే ఉంది. ఆ తర్వాత ఫాదర్ల బంగళాలో గొడవైందని మెస్ కుర్రాడు చెప్పాడు. గొడవేమీ కాలేదు, కాఫీ తాగారంతేనని ట్రాన్స్‌ఫార్మర్ అంటాడు. జనవరిలో ఆయమ్మకి జీతం పెరిగిందన్నది మాత్రం ఖాయం, మనందరికీ కడలై మిఠాయి (పల్లీ చిక్కీ) పంచింది కదా. మనం పరీక్షలు రాసి బయటపడ్డాక ఫాదర్‌ని ఆంధ్రాలో ఏదో చర్చికి మార్చారు. ఫాదర్లకి బదిలీలు మామూలే. ఆ రెండింటికీ ముడిపెట్టేవాళ్లతో నేను వాదించను.

శాంతి దినం పోటీలో పావురం బొమ్మ వేసినవాళ్లందరికీ ఆయన సున్నా వేయడం ఎవరూ మర్చిపోయి ఉండరు. “శాంతి కావాలంటే న్యాయం కోసం పాటుపడు” అని ఆరో పౌల్ పోప్‌గారు 1972 జనవరి 1న ఇచ్చిన సందేశాన్ని వంద సార్లు రాయించారు. నేను డెబ్బై దగ్గర ఆపి, అంకెలు మాత్రం వంద దాకా వేసి ఇచ్చాను.

కొడుంగయ్యూర్ ట్రిప్పు కూడా ఆ ఏడాదే. గాలి ఇటు తిరిగితే చెత్తకుప్ప పొగ మన క్లాసులోకి వచ్చేది, కిటికీలు మూసేవాళ్లం. ఫాదర్ మనల్ని సైకిళ్ల మీద ఆ కుప్ప దగ్గరికే తీసుకెళ్లారు. అక్కడ ఇనుము ఏరుకుంటున్న మన వయసు కుర్రాడు మనతో తెలుగులో మాట్లాడాడు. రోజుకి ఎంత వస్తుందని అడిగి ఫాదర్ డైరీలో రాసుకున్నారు. ప్రకృతితో శాంతి లేకుండా మనుషుల మధ్య శాంతి ఉండదని 1990లోనే పోప్‌గారు రాశారని దారిలో చెప్పారు. మనకి అప్పుడు పొగ తప్ప ఏమీ ఎక్కలేదు. 2015 జూన్‌లో ఫ్రాన్సిస్ పోప్‌గారి ‘లౌదాతో సీ’ వచ్చాక చదివాను. మన ఇల్లయిన ఈ భూమి పెద్ద చెత్తకుప్పగా మారిపోతోందని అందులో ఉంది. భూమి గోడునీ పేదల గోడునీ కలిపి వినాలని కూడా ఉంది. నాకు కొడుంగయ్యూర్ కుర్రాడు గుర్తొచ్చాడు. ఆ డిసెంబర్‌లోనే కదా వరదల్లో మన చెన్నై మునిగింది.

నా సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గిండీలో చిన్న ఆఫీసు నాది, ఫ్యాక్టరీలకి పేరోల్, పీఎఫ్, ఈఎస్ఐ పనులు చూస్తాం. కార్మిక చట్టాల డిప్లొమా చదివేటప్పుడు సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ పనివాళ్ల కేసులో ఇచ్చిన తీర్పు చూశాను. ఆర్థిక ఇబ్బంది వల్ల కనీస వేతనం కన్నా తక్కువకి పనిచేయాల్సి రావడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని ఉంది అందులో. లియో ఫాదర్ బోర్డు దగ్గర చెప్పింది ఇదే కదా అనుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, మంచి మార్కులే పడ్డాయి. పీఎఫ్ ఎగ్గొట్టే కాంట్రాక్టర్ల ఫైలు మేము ముట్టుకోమని ఇప్పుడు ఈ లైన్లో అందరికీ తెలుసు. కొంత వ్యాపారం పోయింది, అయినా బండి నడుస్తోంది. పెద్దమ్మాయి ఎన్నూర్ ఉప్పుటేరు కాలుష్యం మీద ప్రాజెక్టు చేస్తోంది. వాళ్ల నాన్న సైకిల్ మీద చెత్తకుప్ప చూడ్డానికి వెళ్లాడంటే నమ్మదు.

2025 మే 8 రాత్రి గ్రూపు ఎలా మోగిందో తెలుసుగా. కొత్త పోప్‌గారు పద్నాలుగో లియో అనగానే గోంగూర “మన ఫాదర్ పోప్ అయిపోయార్రోయ్” అని పెట్టాడు. రెండు రోజులకి, ఆ పేరు ఎంచుకోవడానికి ముఖ్యకారణం ‘రేరుం నొవారుం’ అని, ఇప్పుడు కృత్రిమ మేధ వల్ల పనివాళ్లకి మళ్లీ అలాంటి సవాలే వచ్చిందని ఆయనే అన్నారు. మన ఫస్ట్ ర్యాంకు దానికి బొటనవేలు గుర్తు పెట్టాడు. ఆశ్చర్యపోయాను.

ఎందుకంటే వాడు నాకు క్లయింటు. శ్రీపెరుంబుదూర్‌లో పెద్ద యూనిట్. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు రెన్యూవల్ వచ్చిన ప్రతిసారీ, “వాళ్లు ఒప్పుకునే చేరారు కదరా” అంటాడు. నేను బియ్యం, అద్దె, బస్సు, మందులు అని పద్దు రాసి మెయిల్ చేస్తాను, చివర్న సినిమా కూడా వేస్తాను. పోయినసారి సినిమా కొట్టేసి మిగతాదంతా ఒప్పుకున్నాడు. ఈ ఏడాది రేటు ఇంకా తేలలేదు. వాడు రీయూనియన్‌కి వస్తున్నాడట, భోజనాల దగ్గర నన్ను వాడి పక్కనే కూర్చోబెట్టండి.